సంతానలేమి చికిత్సలు: ఫలితాల తులనాత్మక పరిశీలన

సంతానలేమికి నేడు అందుబాటులో ఉన్న చికిత్సలు ఐదు రోజులు మింగే మాత్రలతో మొదలై, ప్రయోగశాలలో పిండాన్ని రూపొందించి గర్భాశయంలో ప్రవేశపెట్టే ఐవీఎఫ్ వరకు విస్తరించి ఉన్నాయి. వీటిలో ఏది మేలైనదన్న ప్రశ్నకు అందరికీ వర్తించే ఒకే సమాధానం లేదు. ఎందుకంటే ఫలితాన్ని చికిత్స పేరు కంటే ఎక్కువగా స్త్రీ వయసు, గర్భం నిలవకపోవడానికి గల కారణం, దంపతులు బిడ్డకోసం ఎదురుచూస్తున్న కాలం నిర్ణయిస్తాయి. ఒక జంటకు వెయ్యి రూపాయల లోపు మాత్రలతో తీరే సమస్యకు మరో జంట లక్షలు వెచ్చించినా ఫలితం దక్కకపోవచ్చు. అందువల్ల చికిత్సలను పోల్చేటప్పుడు ఎవరికి, దేనితో పోలిస్తే, ఎంతకాలంలో అన్న మూడు షరతులను విడిచి శాతాలను మాత్రమే చెప్పడం శాస్త్రీయం కాదు.

గర్భనిరోధక సాధనాలేవీ వాడకుండా ఏడాది పాటు క్రమం తప్పక కలిసి ఉన్నా గర్భం రాకపోవడాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ సంతానలేమిగా నిర్వచించింది. ఆ సంస్థ 2023లో వెలువరించిన అంచనా ప్రకారం వయోజనుల్లో 17.5 శాతం మంది, అంటే దాదాపు ప్రతి ఆరుగురిలో ఒకరు, జీవితంలో ఏదో ఒక దశలో ఈ స్థితిని ఎదుర్కొంటారు. ఒక్కసారి కూడా గర్భం రాకపోతే ప్రాథమిక సంతానలేమి అని, ఇదివరకు గర్భం వచ్చి ఇప్పుడు రాకపోతే ద్వితీయ సంతానలేమి అని వ్యవహరిస్తారు. స్త్రీకి 35 ఏళ్లు దాటితే ఏడాది ఆగకుండా ఆరు నెలలకే పరీక్షలు మొదలుపెట్టాలని, 40 దాటితే అసలు ఆగవద్దని వైద్యులు సూచిస్తారు.

ఫలితాన్ని కొలిచే తీరు

ఒక చికిత్స యాభై శాతం ఫలిస్తుందన్న మాటకు అర్థం రావాలంటే దేన్ని లెక్కించారో, దానిని దేనితో భాగించారో తెలియాలి. ఐవీఎఫ్‌లో పిండాన్ని గర్భాశయంలో ఉంచిన సుమారు రెండు వారాలకు చేసే రక్తపరీక్షలో బీటా హెచ్‌సీజీ అనే హార్మోను తగినంత కనిపిస్తే ఫలితం పాజిటివ్ అంటారు. మరికొన్ని వారాలకు స్కానింగులో గర్భసంచి, గుండె కొట్టుకోవడం కనిపిస్తే అది క్లినికల్ గర్భం. బిడ్డ ప్రాణంతో పుడితే అది సజీవ జననం. మొదటి దశ దాటినవారంతా రెండో దశకు, రెండో దశ దాటినవారంతా మూడో దశకు చేరరు. మధ్యలో గర్భస్రావాలు కొందరి ఆశలను తుడిచేస్తాయి. దంపతులు కోరేది మూడోదాన్నే అయినా ప్రకటనల్లో తరచు కనిపించే అంకె మొదటిదో రెండోదో అయి ఉంటుంది.

భాజకం విషయమూ ఇంతే. లెక్క తెలియడానికి ఒక ఊహాత్మక ఉదాహరణ తీసుకుంటే, వందమంది స్త్రీలు ఇంజెక్షన్లు మొదలుపెట్టగా 90 మందికి అండాల సేకరణ జరిగి, 75 మందికి మాత్రమే ప్రవేశపెట్టదగ్గ పిండం తయారై, వారిలో 36 మందికి రక్తపరీక్ష పాజిటివ్ వచ్చి, 30 మందికి గుండె చప్పుడు వినిపించి, చివరికి 25 మందికి బిడ్డలు పుట్టారనుకుందాం. 36ను 75తో భాగించే కేంద్రం తన సాఫల్యం 48 శాతమని చెప్పగలదు. 25ను 100తో భాగించే కేంద్రం 25 శాతమని చెబుతుంది. రెండూ అబద్ధం కావు, రెండూ ఒకే ఆసుపత్రిలో ఒకే నెలలో జరిగిన పని. చికిత్స మొదలుపెట్టబోయే దంపతులకు ఉపయోగపడేది మాత్రం రెండో అంకె. దీనికి తోడు, ఒకసారి సేకరించిన అండాల నుంచి తయారైన పిండాల్లో కొన్నింటిని శీతలీకరించి తరువాతి నెలల్లో వాడతారు కనుక, ఒక అండ సేకరణ వల్ల చివరికి బిడ్డ దక్కే మొత్తం అవకాశాన్ని సంచిత సజీవ జనన శాతం అని విడిగా లెక్కిస్తారు. నేటి పరిశోధకులు ఎక్కువగా విశ్వసించే కొలమానం ఇదే.

ఇంతకంటే మౌలికమైన పోలిక మరొకటి ఉంది. అది చికిత్స లేకుండా ఏం జరిగేదన్నది. ఆరోగ్యంగా ఉన్న యువ దంపతులకు ఒక నెలసరి చక్రంలో గర్భం నిలిచే అవకాశం 20 నుంచి 25 శాతం మాత్రమే. అలా నెలనెలా కూడుకుంటూ ఏడాదిలో సుమారు 85 శాతం మంది గర్భం దాలుస్తారు, మిగిలినవారిలోనూ దాదాపు సగం మందికి రెండో ఏడాదిలో ఏ చికిత్సా లేకుండానే గర్భం వస్తుంది. గర్భం రాగల రోజులు అండం విడుదలయ్యే రోజు, దానికి ముందున్న ఐదు రోజులు కలిపి ఆరే. పెళ్లయిన నాలుగైదు నెలలకే ఏమైనా విశేషమా అని చుట్టాలు అడగడం మొదలుపెట్టే తెలుగు ఇళ్లలో ఈ అంకెలు తెలియకపోవడం వల్ల, ఏ లోపమూ లేని పాతికేళ్ల జంటలు కూడా కంగారుపడి చికిత్సకు వెళ్తుంటారు. ఆ కాలంలో సహజంగా వచ్చిన గర్భం కూడా వాడిన మందు ఖాతాలో చేరుతుంది.

ఈ పొరపాటును తొలగించే మార్గం దంపతులను లాటరీ పద్ధతిలో రెండు జట్లుగా విభజించి, ఒక జట్టుకు చికిత్స ఇచ్చి మరొక జట్టును వేచి ఉండమనడం. స్కాట్లాండులో 580 మంది స్త్రీలతో ఇలా జరిపిన అధ్యయనం 2008లో ప్రచురితమైంది. కారణం తెలియని సంతానలేమి ఉన్న ఈ స్త్రీలలో ఆరు నెలలు ఏ చికిత్సా లేకుండా వేచి ఉన్న జట్టులో 17 శాతం మందికి, క్లోమిఫిన్ మాత్రలు వాడిన జట్టులో 14 శాతం మందికి, మందులతో ఉద్దీపన లేకుండా వీర్యాన్ని గర్భాశయంలో ప్రవేశపెట్టిన జట్టులో 23 శాతం మందికి బిడ్డలు పుట్టారు. ఈ తేడాలు యాదృచ్ఛికమని కొట్టిపారేయలేనంత పెద్దవి కావు. అండం సక్రమంగా విడుదలవుతున్న స్త్రీకి అండం విడుదల కోసం మాత్రలు మాత్రమే ఇవ్వడం వృథా అని ఈ అధ్యయనం తేటతెల్లం చేసింది. అయినా ఆ అలవాటు ఇంకా పూర్తిగా పోలేదు.

కారణాల నిర్ధారణ

సంతానలేమికి గల కారణాలు స్థూలంగా నాలుగు: అండం సక్రమంగా విడుదల కాకపోవడం, అండాన్ని గర్భాశయానికి చేర్చే ఫెలోపియన్ గొట్టాలు మూసుకుపోవడం, పురుషునిలో శుక్రకణాల లోపం, పరీక్షలకు ఏ కారణమూ దొరకకపోవడం. గర్భాశయపు లోపొర వంటి కణజాలం బయట పెరిగే ఎండోమెట్రియోసిస్, గర్భాశయంలో గడ్డలు వంటివి వీటికి అదనం. భారతదేశంలో గొట్టాలు పాడవడానికి జననేంద్రియాల క్షయ ఒక ముఖ్య కారణం. అది ఎలాంటి బాధా లేకుండా లోలోపల సాగుతుంది కనుక చాలామందిలో సంతానలేమి పరీక్షల సందర్భంలోనే బయటపడుతుంది.

పురుషుని వీర్యపరీక్ష ఈ పరీక్షలన్నింటిలో చౌకైనది, నొప్పి లేనిది, ఒక్క రోజులో తేలేది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ప్రకటించిన ప్రమాణాల ప్రకారం మిల్లీలీటరుకు కోటీ అరవై లక్షల శుక్రకణాలు, వాటిలో 42 శాతం కదలిక, 4 శాతం సహజ ఆకృతి కనీస హద్దులు. దంపతుల్లో దాదాపు సగం మంది విషయంలో పురుషుని లోపం పూర్తిగానో పాక్షికంగానో కారణమవుతున్నా, స్త్రీకి నెలల తరబడి స్కానింగులు, రక్తపరీక్షలు, చివరికి పొట్టలోకి గొట్టం పంపి చూసే లాపరోస్కోపీ కూడా జరిగాక గాని భర్త నమూనా ఇవ్వడానికి సిద్ధపడని ఉదంతాలు అరుదు కావు. తప్పంతా కోడలిదేనన్న నమ్మకం వైద్యపరంగా నిరాధారం. పైగా అది స్త్రీ జీవితంలో విలువైన ఏళ్లను హరిస్తుంది.

గొట్టాలు తెరిచి ఉన్నాయో లేదో చూడడానికి గర్భాశయంలోకి ఎక్స్‌రేలో కనిపించే ద్రవాన్ని ఎక్కించి తీసే చిత్రాన్ని హెచ్‌ఎస్‌జీ అంటారు. ఇది పరీక్షే అయినా చికిత్సగానూ కొంత పనిచేస్తుందన్న సందేహం చాలాకాలంగా ఉండగా, నెదర్లాండ్స్‌లో 1,119 మంది స్త్రీలతో జరిపి 2017లో ప్రచురించిన పరిశోధన దాన్ని నిజమని తేల్చింది: నీటి ఆధారిత ద్రవం వాడినవారిలో ఆరు నెలల్లో గర్భం దాల్చి బిడ్డను కన్నవారు 28.1 శాతం కాగా, నూనె ఆధారిత ద్రవం వాడినవారిలో 38.8 శాతం. ఇంత తక్కువ ఖర్చులో ఇంత మేలు చేసిన మార్పు ఈ రంగంలో అరుదు.

ఇక ఏఎంహెచ్ అనే రక్తపరీక్ష విషయంలో జాగ్రత్త అవసరం. అండాశయంలో మిగిలిన అండాల నిల్వను ఇది అంచనా వేస్తుంది, ఐవీఎఫ్ ఇంజెక్షన్లకు ఎన్ని అండాలు రావచ్చో చెబుతుంది. అంతకు మించి సహజంగా గర్భం వచ్చే అవకాశాన్ని చెప్పదు. సంతానలేమి చరిత్ర లేని 30 నుంచి 44 ఏళ్ల స్త్రీలపై జరిగి 2017లో వెలువడిన అమెరికా అధ్యయనంలో ఏఎంహెచ్ తక్కువగా ఉన్నవారికీ, సాధారణంగా ఉన్నవారికీ గర్భధారణ అవకాశాల్లో తేడా కనిపించలేదు. కాబట్టి ఏఎంహెచ్ తగ్గిందన్న ఒక్క కాగితంతో ఓ యువతిని ఐవీఎఫ్‌కు తొందరపెట్టడం సమంజసం కాదు.

అండం విడుదలకు మందులు

నెలసరి క్రమం తప్పిన స్త్రీలలో అత్యధికులకు పీసీఓఎస్ ఉంటుంది. అండాశయాల్లో చిన్న బుడగల వంటి అపరిపక్వ ఫాలికిళ్లు చాలా ఉండి కూడా వాటిలో ఏదీ పూర్తిగా పెరిగి అండాన్ని విడుదల చేయకపోవడం ఈ స్థితి లక్షణం. ఈ జంటల విషయంలో మందుల ఫలితం స్పష్టమైనది, ఖర్చు స్వల్పం. సంతానలేమి చికిత్సలన్నిటిలో వెచ్చించిన రూపాయికి ఎక్కువ ఫలం దక్కేది బహుశా ఇక్కడే.

1960ల నుంచి వాడుకలో ఉన్న క్లోమిఫిన్ మెదడుకు ఈస్ట్రోజెన్ సంకేతం అందకుండా అడ్డుపడి, అండాన్ని పెంచే హార్మోను మరింత విడుదలయ్యేలా చేస్తుంది. రొమ్ము క్యాన్సరు చికిత్స కోసం రూపొందిన లెట్రోజోల్ శరీరంలో ఈస్ట్రోజెన్ తయారీనే తాత్కాలికంగా తగ్గించి అదే ఫలితాన్ని మరో దారిలో సాధిస్తుంది. అమెరికాలో పీసీఓఎస్ ఉన్న 750 మంది స్త్రీలపై జరిగి 2014లో ప్రచురితమైన పరిశోధనలో, ఐదు చక్రాల వరకు వాడగా క్లోమిఫిన్ జట్టులో 19.1 శాతం మందికి, లెట్రోజోల్ జట్టులో 27.5 శాతం మందికి బిడ్డలు పుట్టారు. ఆ తరువాత వచ్చిన అంతర్జాతీయ మార్గదర్శకాలు లెట్రోజోల్‌ను మొదటి మందుగా సూచించాయి. భారతదేశంలో మాత్రం ఈ మందు ప్రయాణం వంకరగా సాగింది: పుట్టే శిశువులకు హాని కలుగుతుందన్న భయంతో 2011లో ప్రభుత్వం సంతానలేమికి దాని వాడకాన్ని నిషేధించగా, ఆ భయానికి ఆధారం కనిపించకపోవడంతో 2017లో నిషేధం తొలగింది.

మధుమేహ మందు మెట్‌ఫార్మిన్‌ను పీసీఓఎస్‌కు విరివిగా రాస్తారు. ఒక్కటే వాడినప్పుడు దాని శక్తి పరిమితమని 2007 నాటి మరో అమెరికా పరిశోధన చూపింది. మెట్‌ఫార్మిన్ ఒక్కటే తీసుకున్నవారిలో 7.2 శాతం మందికి, క్లోమిఫిన్ తీసుకున్నవారిలో 22.5 శాతం మందికి, రెండూ కలిపి తీసుకున్నవారిలో 26.8 శాతం మందికి సంతానం కలిగింది. మాత్రలకు స్పందించనివారికి అండాశయాన్ని నేరుగా ఉద్దీపింపజేసే గొనాడోట్రోపిన్ హార్మోన్ల ఇంజెక్షన్లు ఇస్తారు. అవి బలమైనవే గాని, ఒకేసారి రెండు మూడు అండాలు విడుదలై కవలలు, ముగ్గురు పిల్లలు కలిగే ప్రమాదం ఎక్కువ కనుక స్కానింగు పర్యవేక్షణ లేకుండా వాడకూడదు.

అధిక బరువున్న స్త్రీకి ముందు బరువు తగ్గి రమ్మని చెప్పడం సర్వసాధారణం. స్థూలకాయం ఉన్న 577 మంది డచ్ స్త్రీలపై జరిగిన పరిశోధన 2016లో ఇచ్చిన ఫలితం ఈ సలహాను అంత సూటిగా సమర్థించలేదు. ఆరు నెలలు జీవనశైలి మార్పు పాటించి ఆపై చికిత్స పొందినవారిలో నెలలు నిండి సహజ ప్రసవంలో ఆరోగ్యంగా ఒకే బిడ్డను కన్నవారు 27.1 శాతం, వెంటనే చికిత్స పొందినవారిలో 35.2 శాతం. అయితే మొదటి జట్టులో చికిత్స లేకుండానే గర్భం దాల్చినవారు ఎక్కువ. బరువు తగ్గడం వల్ల తల్లి ఆరోగ్యానికి ఒనగూరే మేలును ఇది కాదనదు. బరువు తగ్గేవరకు చికిత్స నిరాకరించడం న్యాయమా అన్నదే దీని నుంచి తలెత్తే ప్రశ్న.

పురుషుని లోపాలకు చికిత్స

ఈ అధ్యాయం పరిశోధనల పరంగా ఇంకా పేదది. మెదడులోని పిట్యూటరీ గ్రంథి హార్మోన్లు లోపించినందువల్ల శుక్రకణాలు తయారుకాని కొద్దిమంది పురుషులకు హెచ్‌సీజీ, ఎఫ్‌ఎస్‌హెచ్ ఇంజెక్షన్లు చాలా బాగా పనిచేస్తాయి. వృషణాల వద్ద సిరలు ఉబ్బే వేరికోసీల్‌కు శస్త్రచికిత్స, లోపం చేతికి తెలిసేంత పెద్దదై వీర్యపరీక్ష కూడా బాగాలేనప్పుడు మేలు చేస్తుంది. వీటిని మించి మందుల దుకాణాల్లో అమ్ముడయ్యే విటమిన్, ఖనిజ గుళికలపై ఆశ పెట్టుకోవలసిన పని లేదు. 2,370 జంటలతో జరిగి 2020లో వెలువడిన పరిశోధనలో ఫోలిక్ ఆమ్లం, జింకు కలిపి తీసుకున్న పురుషుల జంటల్లో 34 శాతానికి, ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవారి జంటల్లో 35 శాతానికి బిడ్డలు పుట్టారు. కండల కోసం వ్యాయామశాలల్లో తీసుకునే టెస్టోస్టిరాన్ ఇంజెక్షన్లు శుక్రకణాల తయారీని ఆపేస్తాయన్న సంగతి మాత్రం ప్రతి యువకుడూ తెలుసుకోవాలి. వీర్యంలో కణాలు అసలే లేని స్థితికి దారి మూసుకుపోవడం కారణమైతే వృషణం నుంచి సూదితో కణాలను తీయడం దాదాపు ఎప్పుడూ సాధ్యం. తయారీలోనే లోపమైతే సూక్ష్మదర్శిని సాయంతో చేసే శస్త్రచికిత్సలో సుమారు సగం మందికి దొరుకుతాయి.

ఐయూఐ

వీర్యాన్ని ప్రయోగశాలలో శుభ్రపరిచి, చురుకైన కణాలను వేరుచేసి, అండం విడుదలయ్యే వేళకు సన్నని గొట్టంతో నేరుగా గర్భాశయంలో ప్రవేశపెట్టే పద్ధతి ఐయూఐ. కొద్ది నిమిషాల్లో ముగుస్తుంది, మత్తు అక్కర్లేదు. కనీసం ఒక గొట్టమైనా తెరిచి ఉండి, శుక్రకణాల లోపం స్వల్పమైనప్పుడే దీనికి అర్థం ఉంది.

దీని విలువపై చాలాకాలం వాదోపవాదాలు నడిచాయి. న్యూజీలాండులో కారణం తెలియని సంతానలేమి ఉండి, సహజంగా గర్భం వచ్చే అవకాశం తక్కువని అంచనా వేసిన 201 మంది స్త్రీలను రెండు జట్లు చేసి జరిపిన అధ్యయనం 2018లో ఒక స్పష్టత తెచ్చింది: అండాశయ ఉద్దీపన మందులతో కలిపి మూడు చక్రాలు ఐయూఐ చేయించుకున్నవారిలో 31 శాతం మందికి, అంతే కాలం వేచి ఉన్నవారిలో 9 శాతం మందికి బిడ్డలు కలిగారు. స్కాట్లాండు ఫలితానికీ దీనికీ వైరుధ్యం లేదు. అక్కడ మాత్రలూ ఐయూఐ విడివిడిగా, ఇక్కడ రెండూ కలిపి వాడారు. ఎంచుకున్న స్త్రీలూ వేరు.

ఏ మందుతో కలపాలన్నదానికి 900 జంటలపై జరిగిన అమెరికా పరిశోధన 2015లో జవాబిచ్చింది. నాలుగు చక్రాల వరకు ఐయూఐతో పాటు గొనాడోట్రోపిన్ వాడినవారిలో 32.2 శాతానికి, క్లోమిఫిన్ వాడినవారిలో 23.3 శాతానికి, లెట్రోజోల్ వాడినవారిలో 18.7 శాతానికి సజీవ జననాలు నమోదయ్యాయి. ఇంజెక్షన్లే గెలిచినట్టు కనిపించే ఈ వరుస, వచ్చిన గర్భాల్లో బహుళ గర్భాల శాతాన్ని పక్కన చేర్చి చూడగానే తలకిందులవుతుంది: గొనాడోట్రోపిన్‌తో 31.8, క్లోమిఫిన్‌తో 9.4, లెట్రోజోల్‌తో 13.4. కవలలు కలిగితే ఇంటిల్లిపాదీ సంబరపడడం సహజమే గాని, వైద్యులు దాన్ని చికిత్స దుష్ఫలితంగానే లెక్కిస్తారు. నెలలు నిండకముందే ప్రసవం, శిశువుల తక్కువ బరువు, తల్లికి రక్తపోటు ఈ గర్భాల్లో అనేక రెట్లు ఎక్కువ. పీసీఓఎస్‌లో లెట్రోజోల్‌దే పైచేయి కాగా, అండం సజావుగా విడుదలయ్యేవారిలో అది వెనకబడడం గమనించదగ్గది.

ఐవీఎఫ్

1978 జూలై 25న ఇంగ్లండులోని ఓల్డ్‌హామ్‌లో లూయీస్ బ్రౌన్ పుట్టడంతో శరీరం వెలుపల ఫలదీకరణ వైద్య వాస్తవమైంది. దానికి కృషి చేసిన రాబర్ట్ ఎడ్వర్డ్స్‌కు 2010లో నోబెల్ బహుమతి లభించింది. ఆయనతో పనిచేసిన వైద్యుడు ప్యాట్రిక్ స్టెప్టో, పిండశాస్త్ర నిపుణురాలు జీన్ పర్డీ అప్పటికి జీవించి లేరు. లూయీస్ పుట్టిన 1978లోనే అక్టోబరు 3న కోల్‌కతాలో డాక్టర్ సుభాష్ ముఖోపాధ్యాయ కృషితో మరో పాప జన్మించింది. హార్మోను ఇంజెక్షన్లతో అండాలను పెంచడం, పిండాన్ని శీతలీకరించి తరువాతి చక్రంలో వాడడం వంటి, నేడు ప్రపంచమంతటా నిత్యకృత్యమైన పద్ధతులను ఆయన అతి పరిమిత వసతులతో ఆనాడే అనుసరించారు. ఆయన మాటను నమ్మని ప్రభుత్వ విచారణ సంఘం దానిని తోసిపుచ్చింది. అవమానాలూ బదిలీలూ భరించలేక 1981లో ఆయన ప్రాణం తీసుకున్నారు. 1986లో ముంబయిలో దేశపు తొలి ధ్రువీకృత ఐవీఎఫ్ శిశు జననానికి ఇందిరా హిందూజాతో కలిసి కృషి చేసిన శాస్త్రవేత్త టి.సి. ఆనంద్ కుమార్, ముఖోపాధ్యాయ రాతప్రతులను పరిశీలించి, ఆ ఘనత తనది కాదు ఆయనదేనని 1997లో ప్రకటించారు. భారతీయ విజ్ఞాన చరిత్రలో ఇంతటి అన్యాయమూ, ఇంతటి నిజాయితీ ఒకే కథలో కలిసి కనిపించడం అరుదు.

చికిత్సలో స్త్రీకి ఎనిమిది నుంచి పన్నెండు రోజులు ఇంజెక్షన్లు ఇచ్చి పలు అండాలను ఒకేసారి పెంచుతారు. చివరి ఇంజెక్షను తరువాత 34 నుంచి 36 గంటలకు మత్తులో ఉంచి సూదితో అండాలను సేకరిస్తారు. ప్రయోగశాలలో శుక్రకణాలతో కలిపి ఐదో రోజుకు బ్లాస్టోసిస్ట్ అనే దశకు చేరిన పిండాన్ని గర్భాశయంలో ఉంచుతారు. ప్రతి మెట్టులోనూ కొంత రాలిపోతుంది. పది అండాలు దొరికితే అందులో పక్వమైనవి ఎనిమిది, ఫలదీకరణ చెందేవి ఐదారు, ఐదో రోజుదాకా నిలిచేవి రెండో మూడో కావడం సాధారణం. అన్ని అండాలు వచ్చి ఒక్క పిండమే మిగిలిందేమని బాధపడే దంపతులకు ఈ లెక్క ముందే చెప్పడం వైద్యుల బాధ్యత.

ఒక్కో చక్రానికి గల ఫలితంలో ఐవీఎఫ్ మిగిలిన చికిత్సలన్నింటికంటే శక్తిమంతమైనది. 503 జంటలపై జరిగి 2010లో ప్రచురితమైన అమెరికా పరిశోధనలో ఒక్కో చక్రానికి గర్భధారణ క్లోమిఫిన్, ఐయూఐ కలయికతో 7.6 శాతం, ఇంజెక్షన్లతో ఐయూఐకి 9.8 శాతం, ఐవీఎఫ్‌కు 30.7 శాతం. కానీ ఒక ఐవీఎఫ్ చక్రానికయ్యే ఖర్చు, శ్రమ పలు ఐయూఐ చక్రాలకు సమానం కనుక చక్రాన్ని చక్రంతో పోల్చడం కంటే ఏడాదిని ఏడాదితో పోల్చడం సబబు. నెదర్లాండ్స్‌లో కారణం తెలియని, లేదా స్వల్ప పురుష లోపం ఉన్న 602 జంటలతో సరిగ్గా ఆ పని చేశారు. ఏడాది వ్యవధిలో ఒకే పిండం ప్రవేశపెట్టే ఐవీఎఫ్ మూడు చక్రాలు పొందిన జట్టులో 52 శాతం మందికి, ఉద్దీపనతో ఐయూఐ ఆరు చక్రాలు పొందిన జట్టులో 47 శాతం మందికి ఆరోగ్యవంతమైన బిడ్డ కలిగింది. తేడా నిర్ణయాత్మకం కాదు. వయసు తోడున్న ఇలాంటి జంట ఐయూఐతో మొదలుపెట్టడం వల్ల నష్టపోయేది ఏమీ లేదని ఇది సూచిస్తుంది. రెండు గొట్టాలూ మూసుకుపోయినవారికి, తీవ్రమైన పురుష లోపం ఉన్నవారికి మాత్రం నేరుగా ఐవీఎఫ్ మార్గమే సముచితం. గొట్టంలో నీరు చేరి ఉబ్బినప్పుడు ముందుగా దాన్ని తొలగించడమో కట్టివేయడమో చేస్తే ఐవీఎఫ్ ఫలితం మెరుగవుతుంది.

వయసు ప్రభావాన్ని బ్రిటన్‌లో 1,56,947 మంది స్త్రీల రికార్డులను పరిశీలించిన 2015 నాటి అధ్యయనం వివరంగా చూపింది. 40 ఏళ్ల లోపువారికి మొదటి చక్రంలో బిడ్డ పుట్టిన శాతం 32.3, ఆరు చక్రాల వరకు కొనసాగితే సంచిత శాతం 68.4. 40 నుంచి 42 ఏళ్లవారికి అవే అంకెలు 12.3, 31.5. అంతకు మించిన వయసులో ఒక్కో చక్రానికి ఫలితం నాలుగు శాతానికి లోపే. మొదటి ప్రయత్నం విఫలమైనంత మాత్రాన యువ దంపతులు నిరాశపడనక్కర్లేదని, వయసు మీరాక ఐవీఎఫ్ కాలాన్ని వెనక్కి తిప్పలేదని రెండూ ఇందులోనే ఉన్నాయి. తగ్గేది గర్భాశయపు శక్తి కంటే అండపు నాణ్యత అనడానికి రుజువు, యువ దాత అండాలు వాడినప్పుడు ఈ వయోభేదం దాదాపు మాయమవడమే. 2019లో గుంటూరులో డెబ్బయ్యేళ్లు దాటిన మహిళ కవలలకు జన్మనిచ్చింది దాత అండాలతోనే. ఆ వార్తను చదివి ఎంత ఆలస్యమైనా ఐవీఎఫ్ ఉందని తమ అండాల విషయంలో భరోసా పెట్టుకున్నవారు ఈ తేడాను గుర్తించాలి.

అదనపు హంగులు

ఒకే శుక్రకణాన్ని సన్నని సూదితో అండంలోకి ఎక్కించే ఇక్సి పద్ధతి 1992లో బ్రస్సెల్స్ నుంచి వెలువడి తీవ్రమైన పురుష లోపానికి చికిత్స లేని రోజులకు ముగింపు పలికింది. శుక్రకణాలు బాగున్నవారికీ దాన్నే వాడడం నేడు పరిపాటి. వియత్నాంలో అలాంటి 1,064 జంటలపై జరిగిన పరిశోధనలో ఇక్సితో 35 శాతానికి, మామూలు ఐవీఎఫ్‌తో 31 శాతానికి బిడ్డలు కలగగా, ఆ తేడా గణాంకపరంగా నిలవలేదు.

పిండాలన్నింటినీ శీతలీకరించి తరువాతి నెలలో వాడడం పీసీఓఎస్ స్త్రీలకు నిజంగా మేలు: చైనాలో 1,508 మందితో జరిగిన 2016 నాటి అధ్యయనంలో సజీవ జననాలు 42 నుంచి 49.3 శాతానికి పెరిగాయి, అండాశయాలు ఉబ్బి పొట్టలో నీరు చేరే ప్రమాదకరమైన ఓహెచ్‌ఎస్‌ఎస్ 7.1 నుంచి 1.3 శాతానికి తగ్గింది. పీసీఓఎస్ లేనివారిలో ఫలితాలు ఇంత స్పష్టంగా లేవు. పిండాల క్రోమోజోములను పరీక్షించే పీజీటీ-ఏ, మంచి పిండాలున్న 1,212 మంది స్త్రీలపై జరిగిన 2021 పరిశోధనలో సంచిత సజీవ జననాలను పెంచకపోగా, 81.8 శాతంతో పోలిస్తే 77.2 శాతమే ఇచ్చింది. గర్భాశయపు లోపొరను ముందుగా గీకే పద్ధతిపై 1,364 మందితో 2019లో వెలువడిన ఫలితం మరీ విస్పష్టం: గీకినవారిలో 26.1 శాతం, గీకనివారిలోనూ 26.1 శాతం. నొప్పి, ఖర్చు మాత్రం గీకించుకున్నవారివే.

ఎన్ని పిండాలను ప్రవేశపెట్టాలన్న ప్రశ్నకు స్వీడన్ సారథ్యంలో 661 మంది స్త్రీలపై జరిగిన 2004 అధ్యయనం ప్రామాణికం. ఒకేసారి రెండు పిండాలు ఉంచినప్పుడు 42.9 శాతం మందికి, ఒక్కటి ఉంచి అవసరమైతే శీతలీకరించిన మరొకదాన్ని తరువాత ఉంచినప్పుడు 38.8 శాతం మందికి సంతానం కలిగింది. ప్రసవాల్లో కవలల శాతం మాత్రం 33.1 నుంచి 0.8కి పడిపోయింది. యువతులకు ఒక్క పిండమే చాలునన్న నేటి వైఖరికి ఇదే పునాది.

ఖర్చు, చట్టం

భారతదేశంలో ప్రైవేటు కేంద్రాల్లో ఒక ఐవీఎఫ్ చక్రానికి మందులతో కలిపి సుమారు లక్షన్నర నుంచి రెండున్నర లక్షల రూపాయలు అవుతుంది. బీమా సాధారణంగా వర్తించదు కనుక పొలం తాకట్టు పెట్టో, నగలు కుదువపెట్టో చికిత్సకు వచ్చే కుటుంబాలు తెలుగు రాష్ట్రాల్లో ఎన్నో. 2023లో సికింద్రాబాదు గాంధీ ఆసుపత్రిలో ప్రభుత్వ ఐవీఎఫ్ కేంద్రం మొదలైంది గాని, అవసరంతో పోలిస్తే ప్రభుత్వ వసతి చాలా స్వల్పం. మూడు చక్రాల ఖర్చు భరించగలిగినవారికి దక్కే సంచిత ఫలితం ఒక్క చక్రంతోనే ఆగిపోవలసినవారికి దక్కదు. పరిశోధనల్లోని శాతాలకూ పల్లె దంపతుల అనుభవానికీ మధ్య దూరం ప్రధానంగా ఇదే.

2021లో పార్లమెంటు ఆమోదించి 2022 జనవరి 25 నుంచి అమల్లోకి వచ్చిన సహాయక పునరుత్పత్తి సాంకేతికత నియంత్రణ చట్టం ప్రకారం ఈ చికిత్సలు పొందే స్త్రీ వయసు 21 నుంచి 50, పురుషుని వయసు 21 నుంచి 55 ఏళ్ల మధ్య ఉండాలి. అండదాత 23 నుంచి 35 ఏళ్ల మధ్య వయస్కురాలై ఉండాలి, జీవితంలో ఒక్కసారే దానం చేయాలి. చట్టంతో పాటు వచ్చిన సరొగసీ నియంత్రణ చట్టం అద్దె గర్భం వ్యాపారాన్ని నిషేధించి, ప్రతిఫలాపేక్ష లేని సాయాన్ని మాత్రమే అనుమతించింది. ప్రతి కేంద్రమూ నమోదు కావాలని, తన చికిత్సల వివరాలను జాతీయ రిజిస్ట్రీకి అందజేయాలని కూడా మొదటి చట్టం ఆదేశించింది. బ్రిటన్‌లో నియంత్రణ సంస్థ, అమెరికాలో వ్యాధి నియంత్రణ కేంద్రం ఆసుపత్రుల వారీగా ఫలితాలను ప్రజల ముందుంచుతూ వచ్చాయి. ఇక్కడి రిజిస్ట్రీ కూడా ప్రతి కేంద్రపు సజీవ జనన శాతాన్ని, స్త్రీ వయసుల వారీగా, మొదలుపెట్టిన చక్రాలతో భాగించి ఏటా ప్రకటించాలి. అంతవరకు, సంతకం చేసే ముందు తమ వయసులో, తమ కారణంతో వచ్చిన వందమందిలో ఎందరు బిడ్డతో ఇంటికి వెళ్లారని దంపతులు అడగాలి. ఆ అంకెను కాగితంపై రాసివ్వమనాలి.